పది దగ్గర గీత

తెల్లవారుజామున మూడున్నర.
గాజు సీసాలో నదిని పట్టుకొచ్చి
ట్యూబులైటుకి ఎదురుగా ఎత్తి చూస్తాను.
తేటగా ఉంది.
అదే దాని మోసం.
బురదైతే కంటికి దొరుకుతుంది,
నైట్రేటు దొరకదు.

మీటరు మీద పన్నెండు పాయింట్ నాలుగు.
పది దగ్గర గీత గీసింది వాషింగ్టన్.
గీసినవాళ్ళెవరూ లిటిల్ సోరెల్ ఒడ్డున
బూట్లు విప్పి నిలబడినవాళ్ళు కారు.
అయినా ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో
నేను వీపు ఆనించుకున్న గోడ ఆ గీతే.

ఇది అయోవా. ఏప్రిల్.
పందుల కొట్టాల కింద గుంటలు నిండాయి,
నిండినవి పొలాలకెక్కాయి,
నిన్న సాయంత్రం వాన పడింది.
మిగతా పని
నేల కింద మా తాతలు పాతిన మట్టి గొట్టాలు
ఎవరూ అడక్కుండానే చేసిపెడతాయి.

బెర్నెట్ టైడెన్ ఫోను. పాపకి ఆరు వారాలు.
"పాలపొడి కలపచ్చా?"
నోటీసు వచ్చేదాకా ఏమీ చెప్పకూడదు నేను.
నోటీసు రాజధాని నుంచి రావాలి,
రాజధాని తొమ్మిదికి లేస్తుంది.
"కాచి చల్లార్చనా?"
"వద్దు. కాస్తే నీళ్ళు పోతాయి, అది మిగులుతుంది.
కొట్లో సీసాలు కొను.
నేను చెప్పానని మాత్రం చెప్పకు."

పోయిన గురువారం బడి జిమ్‌లో మీటింగు.
బాస్కెట్‌బాల్ గీతల మీద మడత కుర్చీలు.
కౌంటీ తరఫున వర్లిన్ హేవర్‌క్యాంప్ లేచాడు.
వర్లిన్‌కి నాలుగు కొట్టాలున్నాయి.
కంచే చేను మేసింది అందామంటే నోరు రాదు,
మా నాన్న పెట్టె ఒక మూల మోసిన భుజం అతనిది.
పైగా ఒడ్డు వెంట యాభై అడుగులు గడ్డి వదలాలని
కౌంటీ నిబంధన రాసిందీ అతనే,
తన పొలాన్ని కూడా కలిపి.

ఇస్త్రీ చొక్కా వేసుకుని రాజధాని మనిషి వచ్చాడు.
"మంచి ఆలోచనే," అన్నాడు,
"కానీ ఆ అధికారం కౌంటీకి లేదు."
మరి మీరు చేస్తారా?
"పరిశీలనలో ఉంది."
అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు.
జిమ్ అంతా చెక్క నేల మీద కాళ్ళు తాటించింది.
మా నది, మా మాట!
నేనూ తాటించాను. బూటు మడమ ఊడింది.

అప్పుడు వెనక వరసలో
చేతికర్ర పట్టుకుని ఒక ముసలావిడ లేచింది.
పేరు ఓలెటా గ్రిమ్‌స్టాడ్ అంది,
ఊరు పెల్టన్, పదకొండు మైళ్ళు దిగువన.
"మార్చిలో మీ మురుగు పొంగి మా మీదికొచ్చిన రాత్రి
ఇది ఎవరి నది?"

ఎవరో దగ్గారు.
వర్లిన్ కాగితాలు సర్దుకున్నాడు.
రాజధాని మనిషి, మొదటిసారి,
ఏదో రాసుకున్నాడు.

ఆ రాత్రి వాల్వు తిప్పిన చెయ్యి ఇది.
చిన్న ఊరు, రెండు ప్లాంట్లకీ నేనే.
తిప్పకపోతే ముప్ఫై ఇళ్ళ నేలమాళిగలు మునిగేవి.
అనుమతి పత్రం ఉంది, కింద సంతకం ఉంది,
తేదీ ఉంది.
పెల్టన్‌కి కబురు చెయ్యాలని ఆ పత్రంలో లేదు.
లేదు కాబట్టి చెయ్యలేదు.

నీరు పల్లమెరుగు అంటారు.
నేనెరగను.
నా పల్లం మా కంచె దగ్గర ఆగిపోయేది,
ఎగువ వాళ్ళని తిట్టుకుంటూ
ఎప్పుడూ ఒకే వైపు తిరిగి నిలబడ్డాను.

నాలుగుంపావు. మళ్ళీ పరీక్షించాను.
పన్నెండు పాయింట్ ఏడు.
లాగు పుస్తకంలో రాశాను.
రాజధాని ఫారం నింపి పక్కన పెట్టాను.

పెల్టన్ ప్లాంటులో రాత్రి షిఫ్టు ఎవరిదో తెలీదు.
ఇన్నేళ్ళుగా నా తర్వాత
ఇవే నీళ్ళని దీపానికెత్తి చూసే మనిషి.
పాత డైరెక్టరీలో నంబరు దొరికింది,
కాఫీ మరక కింద ఒక అంకె సగం చెరిగి
మూడో, ఎనిమిదో.

ముందు మూడు నొక్కాను.
ఎవరో నిద్రలోంచి తిట్టి పెట్టేశారు.
ఎనిమిది నొక్కాను.
మోగుతోంది.